థార్ ఎడారిలో ఒంటరిగా ఒక రాత్రి: హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళున్నారా?

నడకపిచ్చి
సంక్రాంతి సెలవులకు జైసల్మేర్ వైపు వెళ్దామనుకుంటున్నాను. ఒంటె సఫారీ, లగ్జరీ టెంట్లు, రాత్రి డాన్సు ప్రోగ్రాం, ఇవేవీ వద్దు. సంచీ వీపున వేసుకుని మధ్యాహ్నం ఒక ఊరి దగ్గర నడక మొదలుపెట్టాలి, ఇసుకలో ఒక రాత్రి పడుకోవాలి, మర్నాడు ఇంకో ఊరి దగ్గర రోడ్డెక్కాలి. ఒక్క రాత్రే, ఒంటరిగానే. అనంతగిరి, నల్లమల అంచులు గ్రూపులతో బాగానే తిరిగాను. గ్రూపులో ఎవరో ఒకరు బ్లూటూత్ స్పీకరు తెస్తారు, అడవి కాస్తా బారాత్ అవుతుంది. అందుకే ఈసారి ఎవరూ వద్దు.

నీళ్ళు ఎన్ని మోయాలి? చలి నిజంగా ఎంత ఉంటుంది? అనుమతులు ఏమైనా కావాలా? ఇంట్లో ఏమని చెప్పాలి? చివరి ప్రశ్నకు మంచి జవాబిచ్చినవాళ్ళకు ఇరానీ చాయ్ నా ఖర్చు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఒక్కడివే ఎందుకు బ్రో, నేనూ వస్తా. స్పీకరు నా దగ్గర ఉంది.

సంచీబరువు
కుర్రాడి మాట వదిలెయ్ తమ్ముడూ. ముందు నీళ్ళ సంగతి చూద్దాం, ఎందుకంటే లీటరు అంటే కిలో. జనవరిలో, మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా తాగడానికి నాలుగు లీటర్లు. తిండికి, చేతులకి, ముఖానికి ఒకటి. దారి తప్పితే ఉండాలని రెండు. ఏడు లీటర్లు. ఒకే పెద్ద డబ్బాలో పోసుకోవద్దు, అది చిల్లిపడితే కథ అక్కడితో అయిపోతుంది. రెండేసి లీటర్ల సీసాలు మూడు, లీటరుది ఒకటి. వాటిని సంచీ అడుగున వేయకుండా వీపుకు ఆనేలా, నడుముకి కాస్త పైన సర్దుకో. ఇసుకలో ప్రతి అడుగూ కొంచెం వెనక్కి జారుతుంది, బరువు వెనక్కి లాగితే పిక్కలు పట్టేస్తాయి. మిగతా సామాను ఆరు కిలోల్లోపు రావాలి. ఎండాకాలం ఆలోచన మాత్రం ఎప్పుడూ పెట్టుకోకు. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది, అది జైసల్మేర్ పక్కనే.

మౌలాలీ_మిట్ట
ఒక్క రాత్రికి ఏడు లీటర్లా? నేను ఖాజాగూడ గుట్టల మీదికి సీసా కూడా పట్టుకెళ్ళను.

సంచీబరువు
ఖాజాగూడ గుట్ట దిగితే జ్యూస్ సెంటర్ ఉంటుంది సార్.

చుక్కలలెక్క
చలి గురించి: జనవరిలో అక్కడ రాత్రి ఏడెనిమిది డిగ్రీలు మామూలు, ఇంకా దిగే రాత్రులూ ఉంటాయి. గాలిలో తేమ ఉండదు, మబ్బు ఉండదు, పగలు పట్టుకున్న వేడిని ఇసుక సాయంత్రానికే వదిలేస్తుంది. అంకెకంటే ముఖ్యమైనది రాత్రి పొడవు. ఆ రోజుల్లో అక్కడ సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా దాదాపు పదమూడున్నర గంటలు. మన కంటే పడమర కాబట్టి సూర్యుడు ఏడుంపావు దాటాక గానీ రాడు. మనవాళ్ళు ‘ఒక్క రాత్రే కదా’ అంటారు. ఎనిమిదికి పడుకుంటే మూడింటికే మెలకువ వస్తుంది, ఆ తరవాత నాలుగు గంటలు చలిలో ఏం చేస్తావో ముందే అనుకుని వెళ్ళు.

దిక్కుల కోసం ఒక సులువు. ధ్రువ నక్షత్రం ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో అదే ఆ ఊరి అక్షాంశం. హైదరాబాద్‌లో 17, జైసల్మేర్‌లో 27. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని అడ్డం సుమారు పది డిగ్రీలు. ఇక్కడ నేల అంచు నుంచి రెండు పిడికిళ్ళలోపు ఉండే ధ్రువుడు అక్కడ మూడుకు దగ్గరగా ఉంటాడు. మన నగరంలో లైట్ల వల్ల అతను కనిపించడమే కష్టం, అక్కడ వెతకనక్కర్లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
మూడింటికి లేచి పిడికిలి పట్టుకుని ఆకాశం కొలుస్తున్న బ్రో 😂

జగిత్యాల_రియాద్
సౌదీలో ముందు మేకలు కాశాను, తరవాత ట్రక్కు నడిపాను. ఇసుకలో పడుకోవడానికి ఒకరు సొంత డబ్బులు పెట్టుకుని వెళ్తారంటే మొదట నవ్వొచ్చింది, దాచుకోను. మేం అక్కడ పడుకుంది వేరే చోటు లేక. అయినా అడిగావు కాబట్టి చెప్తా.

దాహమైతే తాగు. నీళ్ళు మిగిల్చుకుంటూ పెదాలు తడుపుకుని నడిచినవాళ్ళు సీసాలో నీళ్ళుండగానే పడిపోయారని పాతవాళ్ళు చెప్పేవారు. చలిలో దాహం తెలియదు, అది ఇంకా మోసం. గంటకొకసారి ఆగి తాగు.

నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూడు. పోయేటప్పుడు కనిపించే దిబ్బ, వెనక్కి వచ్చేటప్పుడు అదే దిబ్బ కాదు. అడుగుజాడల్ని నమ్మకు, గాలి లేస్తే పది నిమిషాల్లో ఏమీ ఉండదు. చీకటి పడ్డాక అస్సలు నడవకు. ఎర్ర ఇసుక గాలి లేస్తే సంచీ గాలి వైపు పెట్టి, దానికి వీపు ఆనించి, ముక్కూ నోరూ బట్ట కట్టుకుని కూర్చో. అది పోయేదాకా లేవకు. దారి తప్పానని అనుమానం వస్తే అక్కడే ఆగు. తిరుగుతూ ఉండే మనిషిని ఎవరూ పట్టుకోలేరు.

సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో బండి ఆగిపోయి, మన తెలంగాణ యువకుడు దాహంతో చనిపోయిన వార్త 2024లో పేపర్లలో వచ్చింది. ఫోన్లూ మ్యాపులూ ఉన్న కాలంలోనే.

నడకపిచ్చి
జగిత్యాల అన్నా, ఇది ప్రింటు తీసి జేబులో పెట్టుకుంటా. చుక్కలు గారూ, ఆ మూడు నుంచి ఏడు గంటల సంగతి నేను ఆలోచించనే లేదు.

తిరుమలగిరి_పెద్దాయన
ఆ వైపు ఉద్యోగం చేసినవాణ్ణి. ఎవరూ అడగని సంగతి చెప్తాను. జైసల్మేర్ జిల్లా ఒక్కదానికే పాకిస్తాన్‌తో నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. సమ్, ఖూరీ ఊళ్ళ ఇసుక దిబ్బల దాకా టూరిస్టులు మామూలుగానే వెళ్తారు. అవి దాటి పడమరకు, నోటిఫై చేసిన సరిహద్దు ఊళ్ళలోకి వెళ్ళాలంటే జిల్లా అధికారుల అనుమతి ఉండాలి. తనోట్ గుడికి రోడ్డు మీద పోవడం ఒకటి, రోడ్డు దిగి ఇసుకలో నడిచిపోవడం ఇంకొకటి. పోఖరణ్ వైపు సైన్యం ఫైరింగ్ రేంజిలు ఉన్నాయి. కంచె, బోర్డు కనిపిస్తే అటు తిరగొద్దు. ఇసుకలో లోహపు ముక్క ఏదైనా కనిపిస్తే కాలితో కూడా కదపొద్దు.

డ్రోన్ వద్దు. శాటిలైట్ ఫోన్, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాలు కూడా వద్దు. అమెరికా వాళ్ళ వీడియోల్లో ప్రతి ఒక్కరి భుజానికీ ఒకటి వేలాడుతుంటుంది, అది చూసి తెప్పించుకుంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని పెట్టుకుంటే కేసు. విమానాశ్రయాల్లోనే దొరికిపోయిన విదేశీయులున్నారు.

అసలు సంగతి ఇది. రాత్రి పదకొండింటికి ఇసుక దిబ్బల్లో ఒంటరిగా ఒక టార్చి వెలుగు కదులుతోంది. దూరం నుంచి చూసే గస్తీ మనిషికి అది గచ్చిబౌలి నుంచి వచ్చిన టెకీ అని ఎలా తెలుస్తుంది? 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తరవాత అక్కడ ఎవరూ ఏ వెలుగునూ తేలిగ్గా తీసుకోరు. ఏ ఊరి పక్కన పడుకుంటావో ఆ ఊళ్ళో చెప్పు, దగ్గరి ఠాణాలో చెప్పు, ఆధార్ జేబులో పెట్టుకో.

నడకపిచ్చి
ఊరికీ ఠాణాకీ చెప్పి, ఆధార్ చూపించి పడుకుంటే ఇక ఒంటరితనం ఏముంది సార్? దానికంటే లాడ్జిలో రిజిస్టర్‌లో సంతకం పెట్టి పడుకోవచ్చు.

మౌలాలీ_మిట్ట
+1. పెద్దాయన అన్నిటికీ భయపెడతారు. థార్ అంటే సహారా కాదు, ఎటు చూసినా మేకలూ మనుషులే.

తిరుమలగిరి_పెద్దాయన
ఎటు చూసినా మనుషులున్నారు కాబట్టే చెప్పమంటున్నాను. ఎవరూ లేకపోతే ఎవరికి చెప్తావు?

జగిత్యాల_రియాద్
పెద్దాయన మాట ఖరారు. తమ్ముడూ, ఒంటరిగా ఉండటం వేరు, నువ్వు ఎక్కడున్నావో ఎవరికీ తెలియకపోవడం వేరు. రెండోది మేం చూశాం. దాన్ని కోరుకుని ఎవరూ పోరు.

బట్టమేక
మౌలాలీ గారన్నది నిజమే, ప్రపంచంలో జనం ఎక్కువగా ఉన్న ఎడారిగా థార్‌కే పేరు. ఇసుక మధ్యలో నాలుగైదు గుడిసెలతో ఢాణీలు ఉంటాయి, గడ్డి కప్పిన గుండ్రటి ఇళ్ళు. మ్యాపులో ఖాళీగా కనిపించే చోట కూడా భూమి ఎవరిదో ఒకరిది, లేదా ఊరి ఉమ్మడి మేత భూమి.

నా అభ్యంతరం ఇంకొకటి. సమ్, ఖూరీ చుట్టూ చాలా భాగం డెజర్ట్ నేషనల్ పార్కు పరిధిలోకి వస్తుంది, 3,162 చదరపు కిలోమీటర్లు. లోపల ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయకూడదు, అటవీ శాఖను అడగాలి. నా పేరు చూసే ఉంటారు. మన రోళ్ళపాడులో ఒకప్పుడు బట్టమేక పిట్టలు ఉండేవి, వాటి కోసమే అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు చూద్దామంటే జైసల్మేరే దిక్కు. దేశం మొత్తం మీద నూట యాభైలోపు మిగిలాయని అంచనా. మీటరు ఎత్తు పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒకటే. దానికి ఎదురుగా ఉన్నది చూపుకు సరిగా ఆనదు, అందుకే కరెంటు తీగలకు కొట్టుకుని చస్తుంది. ఉన్న బాధలకు తోడు మన టెంట్లెందుకు?

కాబట్టి పార్కు హద్దుల బయట, ఒక ఢాణీవాళ్ళ భూమిలో, వాళ్ళను అడిగి.

ఇంకో మాట. మంట వేయాలనిపిస్తుంది, వేయొద్దు. అక్కడ కనిపించే ఖేజడీ చెట్టు మన జమ్మి చెట్టే. మనకు దసరా నాడు గుర్తొస్తుంది, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా, రాజస్థాన్‌కీ అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో రాజుగారి మనుషులు ఆ చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. అలాంటి చోట ఎండుకొమ్మ విరిచి చలి కాచుకుంటే ఊరివాళ్ళు ఏమనుకుంటారు? ఎండుపుల్ల కూడా వాళ్ళ పొయ్యికి కావాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు
జమ్మి ఆకు తెచ్చి బంగారం అని పంచు బ్రో.

అనంత_కరువు
అంత దూరం ఎందుకప్పా? మా అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు ఉన్నాయి. గోవిందవాడ, దర్గా హొన్నూరు దగ్గర. హగరి అంటారు ఆ నదిని. నది ఎండి, గాలి ఇసుకను పొలాల మీదికి తోస్తోంది. సినిమావాళ్ళు ఎడారి సీన్లు అక్కడే తీసుకుపోతారు. జైసల్మేర్ తరవాత దేశంలో తక్కువ వాన పడేది మా దగ్గరే. ముందు అక్కడ ఒక రాత్రి పడుకుని చూడు.

చుక్కలలెక్క
ఆ ‘జైసల్మేర్ తరవాత’ అనే మాట స్కూలు పుస్తకాల నుంచి వింటున్నాం. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లలోపు, అనంతపురంలో 500 పైన. మధ్యలో బాడ్‌మేర్, బికనేర్ అన్నీ ఉన్నాయి.

అనంత_కరువు
500 మిల్లీమీటర్లు ఎప్పుడు పడుతుందో కూడా చెప్పు సామీ. వేరుశనగ ఎండిపోయినాక పడితే అది కూడా లెక్కలోకి వస్తుంది కదా. నువ్వు అంకెలు చూస్తావు, మేము మబ్బులు చూస్తాము.

చుక్కలలెక్క
అది వేరే విషయం అండీ, నేను సగటు గురించి...

అడ్మిన్_చార్మినార్
వానల చర్చ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. ఇక్కడ ఇసుక మాత్రమే.

సంచీబరువు
అడ్మిన్ గారూ, అనంత గారి సలహాలో సరుకుంది. అది ఎడారా కాదా అనేది పక్కన పెడితే, టెంటు ఇసుకలో నిలబెట్టడం నేర్చుకోవడానికి ఆ దిబ్బలు చాలు. మామూలు మేకులు ఇసుకలో పట్టు నిలవవు. గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టాలి. కూరగాయల సంచులు నాలుగు చాలు, కొత్తగా కొనక్కర్లేదు.

గాలి నింపుకునే పరుపు తీసుకెళ్ళకు, పల్లేరుకాయ ఒక్కటి చాలు దాన్ని చంపడానికి. అక్కడ భురట్ అనే గడ్డి కూడా ఉంది, దాని ముళ్ళు మేజోళ్ళకు అంటుకుంటే పీకడానికి చిన్న చిమ్టా కావాలి. పరుచుకునే ఫోమ్ షీటు బరువు తక్కువ, చిల్లి పడే గొడవ లేదు. దిబ్బ శిఖరం మీద పడుకుంటే గాలి, గుంటలో పడుకుంటే చలిగాలి అంతా అక్కడికే దిగుతుంది. రెంటికీ మధ్య, కాస్త గట్టి నేల చూసుకో. ఫోన్ చార్జింగ్ రంధ్రానికి టేపు అంటించు, ఫోన్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకో. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది.

గ్యాస్ డబ్బా విమానంలో ఎందులోనూ పెట్టనివ్వరు, రైల్లోనూ నిషేధం. కాబట్టి వంట వదిలెయ్. పవర్ బ్యాంకు చేతి సంచీలోనే, చెక్-ఇన్‌లో కాదు.

నడకపిచ్చి
వంట లేకపోతే తిండి?

నల్లకుంట_వదిన
ఇన్నేళ్ళుగా మన పెద్దవాళ్ళు రైలు ప్రయాణాలకు ఏం కట్టుకెళ్ళారో అదే. సజ్జరొట్టెలు, పల్లీ పొడి, మలీదా ముద్దలు, సంక్రాంతి కాబట్టి సకినాలు ఎలాగూ ఉంటాయి. పులిహోర వద్దు, రెండో రోజుకి అనుమానం. పేలాలపిండిలో బెల్లం కలిపి పెట్టుకుంటే నీళ్ళతో కలుపుకుని తాగొచ్చు. ప్రొటీన్ బార్లు అని వందలు తగలెయ్యకు.

సంచీబరువు
సకినాలు సంచీలో పొడి అవుతాయి.

నల్లకుంట_వదిన
పొడినే తింటాడు. ఎవరైనా అతిథులు వస్తున్నారా అక్కడికి?

ఉప్పల్_డాక్టరమ్మ
నీళ్ళతో పాటు ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి మొదలవుతాయి. దాన్ని దాహం అనుకుని ఇంకా తాగుతారు. చలికి ఒక క్వార్టర్ వేసుకుంటే వెచ్చగా ఉంటుందని ఎవరైనా చెప్తే వినొద్దు, చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది. చెమట పట్టిన బనియన్‌తో పడుకోవద్దు, సాయంత్రమే మార్చుకోండి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు, తేళ్ళు.

మౌలాలీ_మిట్ట
అక్కడ నిద్రలో మనిషి ఊపిరి తాగేసే పాము ఉంటుందట కదా? గాలి పీల్చి చంపుతుందని మా ఆఫీసులో రాజస్థాన్ పిల్లాడు ప్రమాణం చేసి చెప్పాడు.

ఉప్పల్_డాక్టరమ్మ
పీవణా అంటారు. కథకు వెనక నిజం ఉంది. అది మన కట్లపాము జాతిదే, రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. కాటు దగ్గర నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడదు. విషం నరాల మీద పనిచేసి రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఊపిరి ఆడదు. తెల్లారేసరికి మనిషి ఊపిరి అందక చనిపోయి ఉంటే, ఒంటి మీద గాయం లేకపోతే, ఊళ్ళోవాళ్ళు ఇంకేమనుకుంటారు? చలికాలంలో పాములు చాలా తక్కువగా తిరుగుతాయి. అయినా ఆరుబయట పడుకోవద్దు, జిప్పు పూర్తిగా మూసే టెంటులోనే. పామైనా తేలైనా అనుమానం వస్తే పొద్దుటిదాకా చూద్దాం అనుకోకుండా 112కి ఫోన్ చేసి, ఊరివాళ్ళను లేపి ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్ద వైద్యం అంటే జోధ్‌పూరే, రోడ్డు మీద 280 కిలోమీటర్లు. అందుకే పెద్దాయన మాట నాకు నచ్చింది. లేపడానికి ఊరు దగ్గర ఉండాలి, వాళ్ళకి నువ్వెవరో తెలిసుండాలి.

మౌలాలీ_మిట్ట
సరే, ఇక నేను ఖాజాగూడకే పరిమితం.

నడకపిచ్చి
అందరికీ థాంక్స్. ఒక చిన్న సవరణ. బ్రో, తమ్ముడు, తింటాడు, ఇవన్నీ చదువుతూ చూద్దాం ఎంతదూరం పోతుందో అని ఊరుకున్నా. నేను అమ్మాయిని 🙂

కూకట్‌పల్లి_కుర్రాడు
😳 సారీ అక్కా. స్పీకరు ఇంట్లోనే పెట్టేస్తా.

మౌలాలీ_మిట్ట
అయితే ఈ ప్లాన్ మానుకోమ్మా. నా మాట విను.

ఉప్పల్_డాక్టరమ్మ
మౌలాలీ గారూ, నిన్నటిదాకా “థార్ అంటే సహారా కాదు” అన్నది మీరేగా?

జగిత్యాల_రియాద్
చెల్లెలా, నీళ్ళు ఏడు లీటర్లే. అది మారదు.

తిరుమలగిరి_పెద్దాయన
నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదమ్మా. అప్పుడు తమ్ముడికి చెప్పిందే ఇప్పుడు నీకూ.

నల్లకుంట_వదిన
నేను చెప్తా. రాజస్థాన్, కచ్ ఒక్కదాన్నే తిరిగాను, గుడారాలేసుకుని కాదు, బస్సుల్లో. ఇబ్బంది పెట్టేది ఇసుక కాదు, ఇసుక దాకా చేర్చే మనుషులు. ఆటో అతను “అకేలీ?” అని అడిగితే మావాళ్ళు ఖూరీలో ఉన్నారు అని చెప్పాలి. దిబ్బల దగ్గర ఒక క్యాంపు వాళ్ళు, పేరెందుకులే, గది ఉందని డబ్బు తీసుకుని అర్ధరాత్రి దాకా డీజే పెట్టి, తలుపు గొళ్ళెం లేని టెంటులో పడుకోమన్నారు. దానికంటే ఊరివాళ్ళ వాకిలి నయం.

ఢాణీకి వెళ్ళగానే మగవాళ్ళతో మాట్లాడ్డం మొదలుపెట్టకు. లోపలికి, ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళు. కూర్చో, టీ ఇస్తారు, తాగు. హిందీ అందరికీ రాదు, మార్వాడీ ధాటి ఉంటుంది, చేతులతో సరిపోతుంది. ఈ రాత్రి ఆ జమ్మి చెట్టు అవతల పడుకుంటాను, పొద్దున వస్తాను అని చెప్పు. మొదట నవ్వుతారు, తరవాత వద్దంటారు, తరవాత ఇంట్లోనే పడుకోమంటారు. ఎవరో ఒక పిల్లాడు రాత్రి వచ్చి చూసి వెళ్తాడు, దానికి కంగారుపడకు. లాడ్ బజార్ గాజులు పట్టుకెళ్ళు అందామనుకున్నా, లక్కగాజులు రాజస్థాన్‌కే పట్టుకెళ్ళడం ఏం బావుంటుంది? ఉస్మానియా బిస్కెట్లు పట్టుకెళ్ళు.

సంచీబరువు
ఒక ప్రశ్న మిగిలింది: టెంటు రంగు. ఇసుక రంగు తీసుకుంటే రోడ్డు మీద పోయే ఆకతాయిల కంట పడదు.

తిరుమలగిరి_పెద్దాయన
ఒప్పుకోను. దాక్కున్నట్టు కనిపించేదే అనుమానం తెస్తుంది. నారింజ రంగో, ఎరుపో ఉండాలి.

ఉప్పల్_డాక్టరమ్మ
ఆడపిల్ల అయితే నేను సంచీబరువు వైపే. రోడ్డు నుంచి కనిపించకూడదు.

నల్లకుంట_వదిన
రోడ్డు నుంచి కనిపించకూడదు, ఢాణీ నుంచి కనిపించాలి. దిబ్బకు ఏ వైపు వేస్తావన్నదే సంగతి, రంగు కాదు.

తిరుమలగిరి_పెద్దాయన
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు వదినా. అయినా ఎరుపే మేలు.

బట్టమేక
రాత్రి దిక్కు తెలియకపోతే గాలిమరలు చూడండి. జైసల్మేర్ చుట్టూ వందలకొద్దీ ఉన్నాయి, వాటి మీద ఎర్ర లైట్లు. పగలే ఏ వైపు ఉన్నాయో చూసి పెట్టుకుంటే చాలు. పక్షులకు మంచివి కావు, దారి తప్పినవాళ్ళకు మాత్రం పనికొస్తాయి.

మౌలాలీ_మిట్ట
ఇంట్లో ఏమని చెప్పాలో ఎవరూ చెప్పలేదు. ఆఫీసు ట్రిప్ గోవా అని చెప్పెయ్. చాయ్ నాదే.

జగిత్యాల_రియాద్
అప్పుడు ఏమన్నా అయితే ఇంటోళ్ళు గోవాలో వెతుకుతారు.

నడకపిచ్చి
చాయ్ జగిత్యాల అన్నకి. దీని తరవాత అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. నిన్న రాత్రి అమ్మకి చెప్పేశా. గంటసేపు మాట్లాడలేదు. తరవాత వచ్చి సిగ్నల్ ఎక్కడ పోతుంది, మళ్ళీ ఎప్పుడు వస్తుంది అని అడిగింది. కాగితం మీద దారి గీసి ఇచ్చా: బస్సు దిగే ఊరు, పడుకునే ఢాణీ, మర్నాడు రోడ్డెక్కే చోటు, ఠాణా నంబరు. మర్నాడు మధ్యాహ్నం రెండు లోపు ఫోన్ రాకపోతే ముందు ఠాణాకి, తరవాత మామయ్యకి చేయాలి. అమ్మ రెండుని పన్నెండు చేసింది. పొద్దున ఏడుంపావు దాకా సూర్యుడే రాడని చెప్పి ఒంటిగంటకు ఒప్పించా.

నాన్నకి ఇంకా చెప్పలేదు. అది అమ్మ డిపార్ట్‌మెంట్.

పార్కు హద్దుల బయట ఊళ్ళు వెతుకుతున్నా. బట్టమేక గారూ, మీకు తెలిసినవి ఉంటే మెసేజ్ చేయండి, ఇక్కడ పేర్లు వద్దు. పదిమంది అక్కడికే పోతే ఆ ఊరివాళ్ళకు ఇబ్బంది. గోవిందవాడ దిబ్బల మీద టెంటు పాతి చూడ్డానికి డిసెంబర్‌లో ఒక ఆదివారం వెళ్తున్నా, పగలు మాత్రమే.

బట్టమేక
పంపాను. హద్దు గురించి ఖాయంగా చెప్పాల్సింది అటవీ శాఖవాళ్ళే, జైసల్మేర్‌లో దిగగానే ఒకసారి అడగండి.

అనంత_కరువు
బొమ్మనహాళ్ వస్తే చెప్పు. భోజనం మా ఇంట్లో. ఓళిగలు చేయిస్తా.

సంచీబరువు
ప్రయాణం ఎలా? జోధ్‌పూర్ దాకా విమానమా?

నడకపిచ్చి
రైలే. కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీకి 2025లో రోజువారీ రైలు పెట్టారు కదా, దాంట్లో. అక్కడ నుంచి జోధ్‌పూర్ పక్కనే. సంక్రాంతికి వెయిటింగ్ లిస్టు చూస్తే ఎడారి కంటే అదే కష్టంగా ఉంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
అక్కా, మా ఫ్రెండు ఏజెంటు...

అడ్మిన్_చార్మినార్
టికెట్ ఏజెంట్ల నంబర్లు పెడితే తీసేస్తాం.

లడఖ్_కల
అందరికీ నమస్తే. ఇదే టెంటు, ఇదే స్లీపింగ్ బ్యాగుతో జూన్‌లో నుబ్రా ఇసుక దిబ్బల్లో పడుకోవచ్చా? అదీ ఎడారే కదా?

సంచీబరువు
అక్కడ ఎత్తు పది వేల అడుగులు. ముందు లేహ్‌లో రెండు మూడు రోజులు ఊరికే కూర్చోవాలి, ఆ తరవాతే టెంటు సంగతి.

అడ్మిన్_చార్మినార్
లడఖ్ ప్రశ్న కొత్త థ్రెడ్‌లో అడగండి.